ఆరంతస్తుల దిగుడు

ఆ సినిమా విడుదలైన మొదటి వారంలోనే చతికిలబడింది. వీధుల్లో కార్ల పందేల మీద తీసిన సినిమాల వరుసలో అది మూడోది. మొదటి రెండింటిలో ఉన్న పెద్ద హీరో నిర్మాతలతో చెడి పక్కకి తప్పుకున్నాడు. కొత్త ముఖాన్ని పెట్టి తీశారు. ఇంటర్వెల్‌లో టీకి బయటికెళ్లిన జనం మళ్లీ హాల్లోకి రాలేదని అప్పట్లో ఒక జోకు. నెల తిరక్కుండానే దాని పోస్టర్ల మీద వేరే పోస్టర్లు పడ్డాయి.

అందులో ఒక షాటు ఉంది. ఆరంతస్తుల కార్ పార్కింగ్ భవనం, పై నుంచి కిందికి గుండ్రంగా చుట్టుకుంటూ దిగే వాలుదారి. ఆవపిండి రంగు పాత కారు ఒకటి ఆ దారిలో పక్కవాటుగా జారుతూ కింది దాకా వస్తుంది. ముక్కు లోపలి గోడ వైపు, తోక బయటి గోడ వైపు. అటు జానెడు, ఇటు జానెడు ఖాళీ. షాటు మధ్యలో ఎక్కడా కోత లేదు. నలభై ఒక్క సెకన్లు.

ఆ కారు నడిపింది ఒక ఆడమనిషి. అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్లు. జుట్టు పొట్టిగా కత్తిరించి, హీరో తోలుకోటు తొడిగి స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. కారుని సిద్ధం చేసింది ఆమె భర్త. ఆయన మెకానిక్. ఉదయం నుంచి రిహార్సల్ చేస్తుంటే హ్యాండ్‌బ్రేకు పట్టేసి కారు రెండుసార్లు బొంగరంలా తిరిగిపోయింది. ఆయన కిందికి దూరి ఆ కేబుల్ కోసి బయట పడేశాడు. ఆమె హ్యాండ్‌బ్రేకు లేకుండానే, ఒక్క యాక్సిలరేటరుతో, కారు బరువుని అటూ ఇటూ ఊపుకుంటూ ఆరంతస్తులూ దించింది. కేబుల్ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. సినిమాకి ఫైట్ మాస్టరుగా ఉన్నాయన ఆ సమయంలో కింద, టికెట్ కౌంటరు నీడలో, వైర్‌లెస్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"టైటిల్స్‌లో నీ పేరు వెయ్యలేం అమ్మాయ్," అన్నాడు మాస్టారు ఆ తర్వాత. "హీరో కారుని ఆడది నడిపిందంటే అతను మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? వచ్చే సినిమాలో చూస్తాలే."

సరే అంది. ఆడని సినిమాలో పేరుంటే ఎంత, లేకపోతే ఎంత అనుకుంది.

అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలు ఏడ్చినట్టు, ఆరేళ్ల తర్వాత జనానికి ఆ సినిమా మీద ప్రేమ పుట్టింది. ముందు కుర్రాళ్లు సీడీల్లో చూశారు, తర్వాత ఫోన్లలో చూశారు. ఆ షాటుకి 'దిగుడు' అని పేరు పెట్టుకున్నారు. సొంత కార్లకి ఆవపిండి రంగు వేయించుకున్నారు. నాలుగో సినిమా కూడా మట్టికరవడంతో నిర్మాతలు ఐదోదానికి మూడోదాన్నే పట్టుకున్నారు. మూడోదాంట్లో రెండు మాటలు మాట్లాడిన పాత్ర ఐదోదాంట్లో ముఖ్యపాత్రయింది. ప్రతి కొత్త సినిమాలోనూ ఒక దిగుడు ఉండి తీరాల్సిందే. ఆరోదాంట్లో హీరో కొడుకు ఆవపిండి రంగు బొమ్మకారు మెట్ల మీంచి దొర్లిస్తే హాళ్లు ఈలలతో మోగిపోయాయి. వంశానికి పెద్ద మొదటి సినిమాయే అయినా, పుట్టినవన్నీ మూడోదాని పోలికతోనే పుట్టాయి.

మాస్టారు ఈలోగా ఆ కంపెనీలో భాగస్వామి అయ్యాడు. ఎవరో టీవీలో అడిగారు, దిగుడు నడిపింది ఎవరని.

"ఇంకెవరు? నేనే," అన్నాడు. "ఆరంతస్తులు. ఆరుసార్లు హ్యాండ్‌బ్రేకు లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి."

సొమ్మొకడిది, సోకొకడిది. ఒకసారి అన్నాక ఆ అబద్ధానికి కాళ్లొచ్చాయి, ఊరూరా తిరిగింది. ఆమె ఉండబట్టలేక ఒక పత్రికకి నిజం చెప్పింది. టీవీవాళ్లు అడిగితే మాస్టారు కోపం కూడా తెచ్చుకోలేదు. "పాపం, ఆవిడ మా దగ్గర కార్లు తుడిచేది. ఇంట్లో ఏవో ఇబ్బందులున్నట్టున్నాయి. దయచేసి ఆవిణ్ణి ఏమీ అనకండి," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమెని గానీ ఆమె మొగుణ్ణి గానీ ఏ షూటింగుకీ పిలవలేదు. ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరుగా చేరింది. ఆయన ఆ పక్క రేకుల షెడ్డులో చక్రాల అలైన్‌మెంటు మొదలుపెట్టాడు.

ఇదంతా ఆమె భరించేదే. భరించలేనిది వేరే జరిగింది. వాళ్లకి ఒక్కత్తే కూతురు. దానికి పన్నెండేళ్లప్పుడు క్లాసులో, దిగుడు నడిపింది మా అమ్మేనని చెప్పింది. పిల్లలు మాస్టారు టీవీలో మాట్లాడిన ముక్క తెచ్చి అందరి ముందూ పెట్టారు. కార్లు తుడిచేది అన్నచోట ఆపి మళ్లీ వేశారు. పంతులమ్మ డైరీలో రాసి పంపింది, పిల్లకి అబద్ధాలు అలవాటు కాకుండా చూడమని.

ఆ సాయంత్రం కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "నాకు మాత్రం నిజం చెప్పమ్మా. నువ్వు నిజంగా నడిపావా?"

"నడిపాను."

కూతురు సరే అన్నట్టు తలూపింది. ఆ ఊపులో నమ్మకం లేదు. జాలి ఉంది. టీవీలో మాస్టారు ముఖంలో కనపడిన జాలే అది, తన పిల్ల ముఖంలో.

ఆ రోజు నుంచి ఆమె పాము పగబట్టినట్టు పగబట్టింది. పైకి ఏమీ కనపడేది కాదు. పొద్దున్నే స్కూలు కారు తుడుచుకునేది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి క్లచ్చు ఎలా వదలాలో ఓపిగ్గా చెప్పేది. కానీ మాస్టారు మాట్లాడిన ప్రతి ముక్కా ఆమెకి నోటికొచ్చు. ఏ ఏడాది చెప్పినప్పుడు బొబ్బలు రెండు చేతులకీ ఎక్కాయో, ఏ ఏడాది ఒక చేతికే ఎక్కాయో కూడా చెప్పగలదు.

"మర్చిపోరాదూ," అనేవాడు మెకానిక్. "వాణ్ణి తలుచుకుని నువ్వు సన్నబడ్డావు. నువ్వు ఉన్నావన్న సంగతే తెలీక వాడు లావెక్కాడు."

"మర్చిపోయిన రోజున నన్ను పాడెక్కించండి," అనేది.

మూడో సినిమా వచ్చిన పద్దెనిమిదేళ్లకి వరుసలో ఏడోదీ చివరిదీ మొదలైంది. దానికి దర్శకురాలు ముప్పై ఏళ్ల అమ్మాయి. చిన్నప్పుడు మూడో సినిమా చూసే సినిమాల్లోకి వచ్చిందట. ఆఖరి దృశ్యంగా దిగుడుని అదే భవనంలో, అదే రంగు కారుతో, మళ్లీ ఒక్క షాటులో తియ్యాలని పట్టుబట్టింది. మాస్టారు దగ్గరుండి నేర్పించాడు. తొమ్మిది రోజులు ప్రయత్నించారు. హ్యాండ్‌బ్రేకు లాగినప్పుడల్లా కారు అడ్డం తిరిగి గోడకి కొట్టుకుంది. ఒక డ్రైవరుకి మణికట్టు విరిగింది. ఇంకొకతను చేతులు జోడించి ఇంటికెళ్లిపోయాడు.

పదో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి డ్రైవింగ్ స్కూలుకి వచ్చింది. బల్ల ముందు కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా అడిగింది. "మేడమ్, ఒక్కటే అడుగుతాను. దిగుడులో హ్యాండ్‌బ్రేకు వాడలేదు కదూ?"

టీచరు చేతిలో ఉన్న పెన్ను బల్ల మీద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ షాటు నేను కొన్ని వందలసార్లు చూశాను. వెనక చక్రాలు ఒక్కసారి కూడా ఆగలేదు, తిరుగుతూనే ఉన్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగితే ఆగాలిగా? మాస్టారిని అడిగితే, నీకేం తెలుసు కూర్చో అన్నారు. పాత పత్రికలో మీ మాట చదివాను. అడ్రసు వెతుక్కుంటూ వచ్చాను."

పద్దెనిమిదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. టీచరు ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది, దాని చోట వేరేది ఉంది.

"నేర్పిస్తారా మేడమ్? బయటికి మీ పేరు చెప్పగలనో లేదో మాత్రం నాకు తెలీదు. మాస్టారు కంపెనీలో సగం."

"నేర్పను. నడుపుతాను," అంది టీచరు. "కానీ ముందు ఆయన నడపాలి. అందరి ముందూ."

"ఆయన ఒప్పుకోరు. మోకాళ్ల నొప్పులంటారు."

"ఆయన్ని అడక్కమ్మా. జనాన్ని అడుగు."

మెకానిక్ పక్క షెడ్డులోంచి అంతా వింటున్నాడు. దర్శకురాలు వెళ్లాక చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. "చంపేద్దామనా?"

"లేదు."

"నీ మొహం చూస్తే అలాగే ఉంది. నీ పగ నీది, బండి నాది. వాడి పక్క సీట్లో నువ్వు కూర్చోవాలి, నీ కాలి కింద రెండో బ్రేకు పెట్టందే బండి ఇవ్వను. మన స్కూలు కార్లకి ఉన్నట్టు."

"పెట్టండి," అంది. "హ్యాండ్‌బ్రేకు కేబుల్ మాత్రం తీసెయ్యండి. పిడి అలాగే ఉంచండి."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ విషయంలో ఆయన నవ్వడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే.

వారం తిరిగాక ప్రచారం కోసం అభిమానుల్ని ఆ పార్కింగ్ భవనం దగ్గరికి రమ్మన్నారు. పొద్దున పదింటికల్లా వెయ్యిమంది దాకా చేరారు. మైదానం నిండా ఆవపిండి రంగు కార్లు. తాళ్లు కట్టి జనాన్ని దూరంగా ఆపారు. వేదిక మీద మాస్టారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, అడిగినవాళ్లకల్లా సంతకాలు పెడుతున్నాడు. దర్శకురాలు మైకు పట్టుకుంది.

"ఇవాళ దిగుడు రిహార్సల్. ఎవరు నడుపుతున్నారో తెలుసా?"

జనం కేకలేశారు.

"దాన్ని మొదట నడిపినవాళ్లే!"

"మాస్టారూ! మాస్టారూ!" అని మైదానం దద్దరిల్లిపోయింది. కుర్చీలో కాలు కిందికి దిగింది. ఆయన నవ్వుతూనే దర్శకురాలి చెయ్యి పట్టుకుని, పళ్ల మధ్యనుంచి అన్నాడు. "ఏంటమ్మా ఇది? నా మోకాలు..."

"నెమ్మదిగానే మాస్టారూ. పక్కన సేఫ్టీ మనిషి ఉంటుంది. మీకిది కొట్టిన పిండేగా?"

వెయ్యి ఫోన్లు ఆయన వైపు తిరిగి ఉన్నాయి. చెయ్యి ఊపుతూ లిఫ్టు ఎక్కాడు.

ఆరో అంతస్తులో కారు సిద్ధంగా ఉంది. పక్క సీట్లో సేఫ్టీ మనిషి హెల్మెట్ పెట్టుకుని, దాని అద్దం ముఖం మీదికి దించుకుని కూర్చుంది. మాస్టారు బెల్టు పెట్టుకుని, గట్టిగా ఊపిరి తీసుకుని అన్నాడు. "చూడమ్మా, మెల్లిగా దిగి, ఇది రిహార్సలే అని చెప్పేద్దాం. అర్థమైందా?"

ఆమె హెల్మెట్ అద్దం పైకెత్తింది.

గుర్తుపట్టడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. "నువ్వా?"

"నేనే. కార్లు తుడిచేదాన్ని."

"దిగు. ముందు దిగు."

"దిగుదాం మాస్టారూ. ఇద్దరం కలిసే దిగుదాం. కాదంటే తలుపు తీసుకుని వెళ్లిపోండి, నేను పట్టుకోను. కింద వాళ్లకి ఏం చెప్తారో మాత్రం ముందు అనుకోండి."

ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. కింద నుంచి కేకలు వినపడుతున్నాయి. చెయ్యి తీసేశాడు. గేరు వేశాడు.

మొదటి మలుపు పాకుతున్నట్టు దిగాడు. "మా స్కూల్లో రెండో రోజు పిల్లలు ఇంతకన్నా జోరుగా వెళ్తారు," అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాలు నొక్కాడు. కారు ఒక్కసారి ముందుకి దూకింది. ఐదో అంతస్తు దాటింది. వాలులో దాని వేగం దానికే పెరుగుతోంది, గోడలు దగ్గరవుతున్నాయి.

"ఇప్పుడు లాగండి మాస్టారూ. మొదటిసారి."

ఆయన హ్యాండ్‌బ్రేకు లాగాడు. పిడి ఏ బరువూ లేకుండా ఊరికే పైకి లేచి చేతిలోకి వచ్చింది.

"ఏం చేశావ్? ఇందులో ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అప్పుడూ కేబుల్ లేదు. నడిపినవాళ్లకి తెలుస్తుంది."

ఆయన పిడిని మళ్లీ మళ్లీ లాగుతున్నాడు. స్టీరింగు వదిలేశాడు. కుడివైపు అద్దం గోడకి తగిలి పేలిపోయింది. రేకు గీసుకుంటూ కీచుమంది. ఆమె కాలు రెండో బ్రేకు మీదే ఉంది. కానీ వెంటనే నొక్కలేదు. మనసులో మూడు దాకా లెక్కపెట్టింది. మూడు దాకా ఆగాలని ఆమె వారం కిందటే అనుకుంది. ఆ మూడూ అయ్యాక నొక్కింది. కారు నాలుగో అంతస్తు మలుపులో ఆగింది.

ఆయన ఆయాసపడుతున్నాడు. పై పెదవి మీద చెమట చుక్కలు. "నీకేం కావాలి? పేరు వేయిస్తాను. ఏడోదాంట్లో పెద్ద అక్షరాల్లో వేయిస్తాను."

"అడిగినప్పుడు వెయ్యాల్సింది. ఇప్పుడు నేను అడగట్లేదు."

"నాకు మనవలున్నారమ్మా. వాళ్లంతా కింద ఉన్నారు."

"నాకు కూతురుంది. అప్పుడు దాని క్లాసులో నలభైమంది ఉన్నారు. దిగండి. నడిచి వెళ్లండి."

ఆయన దిగాడు. గోడ పట్టుకుని వాలులో ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లాడు. ఆమె డ్రైవరు సీట్లోకి జరిగింది. కారుని వెనక్కి వెనక్కి మళ్లీ ఆరో అంతస్తు దాకా ఎక్కించింది. వైర్‌లెస్‌లో దర్శకురాలి గొంతు కంగారుగా పలికింది. "మేడమ్, ఏమైంది?"

"కెమెరా తిప్పమ్మా. వస్తున్నాను."

ఆమెకి నలభై నాలుగేళ్లు. నడుము నొప్పి ఉంది. ఈ వారమంతా ఖాళీ మైదానంలో సాధన చేసినా, గోడల మధ్య నడపడం మళ్లీ ఇదే. ఇంజను గట్టిగా అరిచింది. మొదటి మలుపులోనే కారు తోకని విసిరింది. చేతులు వాటంతట అవే కదిలాయి. బరువు అటు, బరువు ఇటు. ఐదు. నాలుగు. టైర్ల పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ వాసనకి ఆమె పళ్లు బిగుసుకున్నాయి. పద్దెనిమిదేళ్ల కోపమంతా కుడికాలి మడమలోకి దిగింది.

రెండో అంతస్తు మలుపు దగ్గర మాస్టారు ఉన్నాడు. టైర్ల చప్పుడు విని బయటి గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు, చేతులు బార్లా చాపి. కారు తోక ఆ గోడ వైపే వస్తోంది. జానెడు ఖాళీ వదలాల్సిన చోట పరుచుకున్న మనిషి. వదలాల్సింది జానెడు కాదు, మూరెడు. కాలు కొంచెం నొక్కి ఉంచితే ఆ మూరెడు ఉండదు. వాలులో జారిందనే అంటారు. ప్రమాదమనే రాస్తారు.

అది ఆమెకి తోచింది. తోచలేదని ఆ తర్వాత ఎప్పుడూ, ఎవరితోనూ బుకాయించలేదు. కానీ ఆ లిప్తలోనే ఇంకోటి కూడా తోచింది. వీడు ఇక్కడ చస్తే వీడి అబద్ధం బతికిపోతుంది. దిగుడులోనే ప్రాణం వదిలిన మాస్టారని గోడల మీద బొమ్మలు వేస్తారు. ఆమె కాలు ఎత్తింది. కారు తోక లోపలికి ముడుచుకుని ఆయన చొక్కా గుండీల ముందు నుంచి గాలిలా పోయింది.

కారు వెలుగులోకి వచ్చి, అడ్డంగా జారి, తాడుకి ముందు ఆగింది. మైదానం చప్పట్లతో మోగబోయి మధ్యలో ఆగిపోయింది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది. హెల్మెట్ తీసిన ముఖం మాస్టారుది కాదు. నెరుస్తున్న జుట్టు చెమటకి నుదుటికి అంటుకున్న ఒక ఆడమనిషిది.

కాసేపటికి వాలుదారి నోట్లోంచి మాస్టారు నడుచుకుంటూ వచ్చాడు. వీపంతా సున్నం. ఒక బూటు లేసు ఊడి నేల మీద ఈడుస్తోంది.

ముందు వరసలో లావుపాటి అభిమాని ఒకడు అమాయకంగా అడిగాడు. "అదేంటి మాస్టారూ, బండి ముందొచ్చేసింది?"

ఎవరో ఒకరు నవ్వారు. ఆ నవ్వు ఒక మూల నుంచి మొదలై మైదానమంతా పాకింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా తన కారు దాకా నడిచాడు. ఆమె రెప్ప వెయ్యకుండా ఆయన వీపు మీది సున్నాన్నే చూస్తూ నిలబడింది. తలుపు వేసుకున్న చప్పుడు వినేదాకా చూసింది.

విలేకరులు చుట్టుముట్టారు. మాస్టారే నడిపారు కదా, మీరు దిగారేంటి అన్నారు. "ఆయన నడపలేదండీ," అంది. "నడిచారు."

ఆ మాట సాయంత్రానికి ఊళ్లన్నీ తిరిగింది. కంపెనీవాళ్లు ముందు ఆ మాట ఒప్పుకోవడం కుదరదన్నారు. తర్వాత, మాస్టారుకి ఆరోగ్యం బాగాలేదన్నారు. చివరికి ఆయన తప్పుకున్నాడన్నారు. దర్శకురాలు ఆ రోజు తీసిన షాటునే సినిమాలో ఉంచింది. రెండో అంతస్తు దగ్గర గోడకి అతుక్కున్న ఒక నీడ దాంట్లో కనపడుతుంది. తీసెయ్యమంటారా అని టీచరుని అడిగింది. ఉండనీ అంది టీచరు. ఇప్పుడు అభిమానులు ఆ నీడ దగ్గర ఆపి ఆపి చూస్తారు.

కూతురు వేరే ఊళ్లో చదువుతోంది. ఆ రిహార్సల్ అయిన మూడో రోజు పొద్దున బస్సు దిగి, చెప్పకుండా ఇంటికి వచ్చింది. సంచి భుజం మీదే ఉంచుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఫోన్లో చూశానమ్మా," అంది. "నూరుసార్లు చూశాను."

టీచరు కూర తరుగుతోంది. తల ఎత్తలేదు.

"అప్పుడు నాకు పన్నెండేళ్లమ్మా. ఆయన అంత నమ్మకంగా చెప్పాడు..."

"నేనూ నమ్మకంగానే చెప్పాను."

కూతురు ఏడవడం మొదలుపెట్టింది. మెకానిక్ వసారాలోంచి తొంగిచూసి, ఇది తన రిపేరు కాదనుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

"నా మీద కూడా కోపం ఉందా?" అంది కూతురు.

"ఉంది," అంది తల్లి. "ఆయన మీద తీరిపోయింది. ఆ పొద్దున్నే తీరిపోయింది, ఎలా పోయిందో కూడా తెలీలేదు. నీ మీదది వేరు. దానికి టైము పడుతుంది."

"ఎంత?"

"ఏమో. నాకేం తెలుసు?" అని ఆమె కత్తి పక్కన పెట్టి, కూతురి భుజం మీది సంచి తీసి కింద పెట్టింది. "కాళ్లు కడుక్కునిరా. బస్సులో ఏమీ తిని ఉండవు."